నాలుగు వేళ్ల మడత

మనిషన్నవాడు పదేళ్లవాడైనా డెబ్బై ఏళ్లవాడైనా ఇంకా పెరుగుతాడని దర్జీ ఖాయ్ గట్టి నమ్మకం. అందుకే ఆయన కుట్టిన ప్రతి ప్యాంటుకూ కాళ్ల అంచుల్లో నాలుగు వేళ్ల వెడల్పు బట్ట లోపలికి మడిచి ఉండేది.

వియత్నాంలోని నామ్‌దిన్ నుంచి చెక్ దేశపు ఈ సరిహద్దు ఊరికి మిల్లు పనికి వచ్చాడాయన. మిల్లు మూతపడ్డాక ఒక కుట్టుమిషనుతో, పాతిక చెక్ మాటలతో కొట్టు తెరిచాడు. ఆ పాతికలో ఇరవై కొలతలే. మిగిలిన అయిదింటిలో మొదటిది "పెరుగుతారు".

"ఏమయ్యా ఖాయ్, నాకు డెబ్బై మూడు! ఇక పెరిగితే నా పొట్టే పెరగాలి!" అని రిటైరైన పోస్ట్‌మ్యాన్ బోహుష్ గోలపెట్టేవాడు.

"దానికీ వదిలాను," అని ఖాయ్ నడుము దగ్గర బట్ట తిప్పి చూపించేవాడు.

"వరదొచ్చినా మన మగాళ్లు కొట్టుకుపోరు. ఖాయ్ కాళ్లకి లంగర్లు కట్టాడుగా," అనేది రొట్టెల కొట్టావిడ.

ఇంతా చేసి ఆయన ప్యాంటు మాత్రం చీలమండకు జానెడు పైన వేలాడుతుండేది. అందులో మడతా లేదు, గిడతా లేదు.

"నీకెందుకు లేదు నాన్నా?" అని కూతురు లియూ నిలదీసేది.

"నా పెరుగుడు అయిపోయిందిలేవే."

అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు!

కొట్టుకు బట్ట తెప్పించే పని లియూది. తాను మీటరు మీటరుకూ బేరమాడి తెస్తే, సగం బట్ట ఊరి జనం చీలమండల దగ్గర దాక్కుంటోందని ఆమె కడుపుమంట. ఒక శుక్రవారం తండ్రి భోజనానికి లేచాడు. ఆమె బోహుష్ కొత్త నల్ల ప్యాంటు తీసి, మడతలు కత్తిరించి పారేసి, అంచు చక్కగా కుట్టేసింది.

ఖాయ్ తిరిగొచ్చి చెత్తబుట్టలోకి చూశాడు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి గట్టిగా అరిచాడు.

"ఎవరివే ఈ ముక్కలు?"

"బోహుష్ తాతవి. ఆయన పెరగడు నాన్నా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఆయన పెరగడు. రాదిమ్ పెరిగాడు."

రాదిమ్ బోహుష్ కొడుకు, తండ్రికంటే తలంత పొడుగు. మిల్లు పోయినప్పటినుంచి పని లేదు. ఈ కొట్టు ముందునుంచి వెళ్లాల్సి వస్తే అవతలి పక్కకు దాటి నడిచేవాడు.

"సోమవారం రైల్లో టికెట్లు చూసే పనికి పిలిచారట. నల్ల ప్యాంటు ఉండాలట," అన్నాడు ఖాయ్. "ఊరికే ఇస్తే పుచ్చుకుంటాడా? చచ్చినా పుచ్చుకోడు. నాన్న ప్యాంటైతే మడత విప్పి వేసుకుంటాడు. ఎవరికీ థాంక్స్ చెప్పక్కర్లేదు."

"ఊళ్లో అందరి సంగతీ ఇంతేనా?"

"మిల్లు మూసేశాక ఎవరి ప్యాంటు ఎవరి కాళ్లకెళ్తుందో నాకు తెలీదా? మా అన్నదమ్ములం ఆరుగురం. నా వంతుకొచ్చే ప్యాంటు ముగ్గురిని చూసి వచ్చేది. కురచ ప్యాంటేసుకుని పని అడిగితే ఎలా చూస్తారో చూశాను."

లియూ బుట్టలోంచి ముక్కలు ఏరి, ఇస్త్రీ చేసి, మళ్లీ అతికింది. నాలుగుసార్లు విప్పింది, అయిదుసార్లు కుట్టింది.

"అతుకు కనిపిస్తోంది," అన్నాడు ఖాయ్.

"టికెట్లు చూసేవాడి కాళ్లెవరు చూస్తారు నాన్నా?"

"నేను."

చూశాడు కూడా. సోమవారం పొద్దున్నే పని మానుకుని స్టేషనుకెళ్లి, స్తంభం చాటునుంచి రాదిమ్ కాళ్లు చూసి, ఈల వేసుకుంటూ వచ్చాడు.

ఏళ్లు గడిచాయి. పోయిన నెల ఖాయ్ అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. వియత్నాం ఆచారం ప్రకారం సంతాపానికి కట్టుకున్న తెల్ల తలపట్టీతో తల వంచుకుని నిలబడ్డ లియూకి అందరి కాళ్లే కనిపించాయి. నల్ల ప్యాంట్ల మీద, అంచుకు నాలుగు వేళ్ల పైన, విప్పిన మడతల పాత గీతలు. వరసలు వరసలుగా. ఒక జతకు గీత బదులు వంకర అతుకు. అది వేసుకున్నవాడు రైల్వే టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

తొంభై దాటిన బోహుష్ కర్ర టకటకలాడించుకుంటూ శవపెట్టె దగ్గరకొచ్చి తొంగిచూశాడు.

"ఏమ్మా, మీ నాన్న ప్యాంటు ఈసారి సరిపోయిందే! నువ్వే కుట్టావా?"

"నేనే తాతా."

"మడత?"

"నాలుగు వేళ్లు."

బోహుష్ కాసేపు ఆ మడత వైపు చూసి, గట్టిగా ముక్కు చీది, అచ్చం ఖాయ్ యాసలో అన్నాడు:

"ఉంచు. పెరుగుతాడు."