ముఠాకి నాలుగో రోజు లేదు

ఎనభైల్లో నేను గణితంలో పరిశోధన వెలగబెడుతూ మా అక్క ఇంట్లో తిని కూర్చునేవాణ్ని. బావ విశాఖ పోర్టులో ముఠా మేస్త్రీ. ఏం చదువుతున్నావని ఓసారి అడిగితే, గణితంలో క్లిక్ (clique) అనే ఒక రకం గుంపుకి వేరే తెలుగు తట్టక "ముఠాలు" అన్నాను.

"నాలుగేళ్లు తిండెట్టినందుకు మా మీదే సదువుతన్నావన్నమాట," అని పొంగిపోయాడు.

కాదనలేదు సరికదా, కోతలు కోశాను. ఆయన ముఠాలో ఓడ అడుగున బస్తాలెత్తేది ఆరుగురు, మూడు జతలు. జతకో చోటు: ఎండలో, గోడవార ఉక్కలో, నిచ్చెన దగ్గర గాలికి. ప్రతి చోటా ఎడమకొకడు, కుడికొకడు. జత విడిపోకూడదు. జతలు గుండ్రంగా తిరగొచ్చు. ఎడమా కుడీ మార్చుకోవచ్చు గానీ, మారితే రెండు జతలు మారాలి. ఒకటో మూడో మారితే బేసి, అరిష్టం. ఆ శాస్త్రం ఎవరు పెట్టారో తెలీదు.

"ఆరు రోజులు ఎవడూ నిలబడ్డ చోట మళ్లీ నిలబడకుండా పట్టీ రాసిస్తాను," అన్నాను.

నా లెక్కలో ముఠా అంటే మనుషులు కాదు, అలాంటి రోజుల గుంపు. ప్రతివాడూ ప్రతి చోటికీ చేరగలిగితే చాలు, ఎంతమంది ఉంటే అన్ని రోజుల ముఠా దొరుకుతుందన్నది నా సిద్ధాంతం. థీసిస్‌కి ప్రాణం అదే. టైపు కూడా అయిపోయింది, వారంలో ఇచ్చెయ్యాలి.

మూడు రోజుల వరకు పట్టీ కుదిరింది. నాలుగో రోజుకి ఎంతకీ కుదరలేదు. బావ కంచం పక్కన ఆరు ఎండు నెత్తళ్ల చేపల్ని జతలుగా పేర్చి తిప్పాడు.

"సోట్లు మూడే కదా బామ్మర్దీ. నాలుగోనాడు జతలన్నీ పాత సోట్లకే వత్తాయి. అప్పుడు మూడు జతలూ ఎడమా కుడీ మారాల. మూడంటే బేసి. అవ్వదు," అని ఒక చేపను నోట్లో వేసుకున్నాడు.

ఆరు కాదు గదా నాలుగు రోజులు కూడా రావు, నా సిద్ధాంతం తప్పు. నాలుగేళ్ల నా చదువును ఆయన అన్నంలో నంజుకుంటున్నాడు. నోరు మూసుకుంటే పరీక్షకులకు తెలియదు, పట్టా వచ్చేస్తుంది. మూసుకుందామనే అనుకున్నాను.

"పోనీ ముఠా బాగా పెద్దదైతే? వందమంది, వెయ్యిమంది? అప్పుడు ఎన్ని రోజులడిగితే అన్నీ దొరుకుతాయా?" అన్నాడు బావ. నాకు తెలుసనే అడిగాడు పాపం.

తెలీదన్నాను. మర్నాడు ఆ అధ్యాయం తీసేసి, తప్పు ఒప్పుకుని, బావ ప్రశ్నను ప్రశ్నగానే రాసి గైడుకిచ్చాను. కింద "ఈ ప్రశ్న మా మేస్త్రీ బావది" అని రాశాను.

"ప్రశ్న బాగుంది. ఈ మేస్త్రీ ఎవరయ్యా, నవ్వుతారు, కొట్టెయ్," అన్నాడు గైడు.

కొట్టేశాను. పట్టా వచ్చింది. ఆ ప్రశ్న పూర్తిగా తేలిందని నేనింకా వినలేదు. అడిగిందెవరని లెక్కలు చదివే కుర్రాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, నేనే అంటుంటాను. సిగ్గుగానే ఉంటుంది.