గేటు బయట మీటింగ్ పెట్టిన అక్క

మా సీనియర్ అక్క ప్రభువునందు నిద్రించిందని కబురు వచ్చేసరికి నేను మామాకి జావ తాగిస్తున్నాను. ఇక్కడి అరబ్బు ఇళ్లలో పెద్దావిడను మామా అంటారు. ఒక చేతిలో చెంచా, ఇంకో చేతిలో ఫోను. ఆ వాయిస్ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నాను. నైట్ డ్యూటీ దిగి గదికి వెళ్లి పడుకున్న మనిషి ఇక లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు. జావ అయిపోయేదాకా అలాగే కూర్చున్నాను. మామా నా చేత్తో తప్ప తినదు, నా కళ్లలో నీళ్లు కనపడితే అసలే తినదు.

కోస్తాలో మేం చదివిన మిషన్ ఆసుపత్రి నర్సింగ్ హాస్టల్లో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్తగా చేరిన ప్రతి పిల్లనీ ఒక సీనియర్‌కి అప్పగించేవారు. జడ గట్టిగా వేసుకోవడం నుంచి, మంచం దుప్పటి మూలలు మడవడం దాకా ఆ అక్కే నేర్పాలి. ఈవిడ నాకు అప్పగించిన అక్క కాదు. నేను హాస్టల్లో చేరేనాటికే దుబాయ్ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. కానీ మా హాస్టల్ పిల్ల ఎవరు ఈ దేశంలో దిగినా ఆవిడకి చెల్లెలే. "నన్నెవరు మీకు అప్పగించారక్కా?" అని మొదటిసారి ఫోన్లో అడిగితే, "ఎవరో అప్పగించేదేంటే, నేనే పుచ్చుకున్నా," అంది.

నాకు ఒళ్లు మండింది. చదువైపోయి, పెళ్లయి, పిల్లాణ్ణి అమ్మ దగ్గర వదిలి వచ్చినదాన్ని. మళ్లీ ఈ వార్డెన్ పెత్తనం ఏంటి అనుకున్నాను. ఎక్కడ దిగావు, ఏ ఇల్లు, మేడమ్ ఎలాంటిది, తలుపుకి లోపల గడియ ఉందా, అన్నీ కావాలి ఆవిడకి. చెప్పకపోతే చెప్పేదాకా ఫోన్ చేసేది.

నేను ఈ విల్లాకి వచ్చింది కరోనాకి కొంచెం ముందు. ఖలీఫా సిటీలో, అబూధాబీ ఎయిర్‌పోర్టుకి దగ్గర. మంచంలో ఉన్న మామాకి ఇంటి నర్సుగా పెట్టుకున్నారు. మేడమ్ చెడ్డది కాదు, ఆ మాట నిజం. నన్ను ఒక్క మాట అన్నది లేదు. కానీ కరోనా వచ్చి, నా సెలవు రోజు పోయింది. బయటికెళ్తే జబ్బు తెస్తావంది, అదీ న్యాయమే. జబ్బు పోయింది, సెలవు మాత్రం తిరిగి రాలేదు. అడిగితే "బుక్రా" అంటుంది. బుక్రా అంటే రేపు. ఆ రేపు ఎప్పటికీ రేపే. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది. ఆసుపత్రి ఉద్యోగానికి ప్రయత్నిద్దామంటే, ఇంట్లో చేసిన అనుభవం మాకు పనికిరాదంటారు. ఇక్కడ ఎన్నేళ్లుంటే అంతగా ఇక్కడికే పనికొస్తాను. పైగా మామా ఉంది. నేను స్నానానికి వెళ్తే బాత్రూం తలుపు వైపే చూస్తూ ఉంటుంది.

మా పూర్వ విద్యార్థినుల సంఘం అప్పట్లో దుబాయ్ కరామాలో ఒక హోటల్లో కలిసేవారట. సెలవు దొరికినవాళ్లు వచ్చేవారు, బిర్యానీ తినేవారు, గ్రూపు ఫోటో దిగి రానివాళ్లకి పంపేవారు. అక్క అది మార్చేసింది. మీటింగ్ ఎక్కడంటే, ఈసారి ఎవరు రాలేరో వాళ్ల గుమ్మం ముందు. ఆసుపత్రి పార్కింగులో, అల్ నహ్దాలో పసిబిడ్డతో ఉన్న ఒకమ్మాయి అపార్ట్‌మెంట్ మెట్ల మీద. అలా మొదటి లాక్‌డౌన్ కాస్త సడలగానే మా విల్లా గేటు దగ్గరికి వచ్చింది.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. మాస్కులు కట్టుకుని నలుగురైదుగురు ఆడవాళ్లు ఎడం ఎడంగా ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. నేను గేటు ఊచల్లోంచి చూస్తున్నాను. అక్కని చూడ్డం అదే మొదలు. ఒంటి మీద యూనిఫాం, తలకి నూనె పెట్టి బిగించి వేసిన జడ. పొట్టిది. అంత పెద్ద గొంతు అంత చిన్న మనిషిలోంచి ఎలా వచ్చిందో! ప్రార్థన చేసింది. ఎవరు లైసెన్స్ పరీక్ష పాసయ్యారో చదివింది. ఇంతలో పోలీసు బండి వచ్చి ఆగింది.

"క్యా హో రహా హై ఇధర్?" అన్నాడు అందులోంచి ఒకాయన.

"మీటింగ్ హై," అంది అక్క.

"గేట్ కే బాహర్?"

"హమారీ బెహెన్ అందర్ హై నా," అంది, మా చెల్లి లోపలుంటే ఇంకెక్కడ పెట్టుకుంటామన్నట్టు.

ఆయన నా వైపు, వాళ్ల వైపు చూసి, దూరం దూరంగా నిలబడమని చెప్పి వెళ్లిపోయాడు.

వెళ్తూ వెళ్తూ అక్క మా విల్లా డ్రైవర్ చేతికి ఒక చిన్న సంచి ఇచ్చింది. బయటి తిండి ఇంట్లోకి రానివ్వని రోజులవి. ఆ మలయాళీ డ్రైవరు తెరిచి చూసి, సంచిని రెండు వేళ్లతో పట్టుకుని తెచ్చి నాకిచ్చాడు. అవి మలమూత్ర పరీక్షలకి వాడే, మూత బిగించిన శాంపిల్ డబ్బాలు. కొత్తవే. లోపల గోంగూర పచ్చడి, పండుమిర్చి, చింతకాయ. "నర్సుకి శాంపిల్ డబ్బా వస్తే ఎవడు అడుగుతాడే?" అంది అక్క ఫోన్లో. ఆ తెలివి మా ఇద్దరినీ ముంచబోయింది. నేను మామా మందులతో పాటు ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు చూస్తే మేడమ్ ఆ గోంగూర డబ్బా చేత్తో పట్టుకుని, మామాకి ఏమైందో, ఇది ఈ రంగులో ఎందుకుందో అని హడలిపోతూ డాక్టరుకి ఫోన్ చేస్తోంది. ఏం చెప్పను? డబ్బా తీసుకుని, మూత తీసి, వేలితో నాకి చూపించాను. ఆవిడ ముఖం ఇప్పటికీ నా కళ్లముందుంది. అక్కకి చెబితే ఊపిరాడనంతగా నవ్వింది. ఈ ఇంటికొచ్చాక నేనూ గట్టిగా నవ్వింది ఆ రోజే.

తర్వాత ఒక రోజు ఉండబట్టలేక అన్నాను. "నా కోసం ఎందుకక్కా ఇంత దూరం? మీరు హాయిగా హోటల్లో కలుసుకోవచ్చుగా."

అప్పుడు చెప్పింది. ఈ దేశం వచ్చిన కొత్తలో తనూ ఒక ఇంట్లో ఇలాగే ఉండిపోయిందట. "మా వాళ్లు పోస్టులో ఫోటో పంపారే. అందరూ నవ్వుతా ఉన్నారు. బల్ల దగ్గర నాకోసం ఒక కుర్చీ కూడా ఖాళీగా ఉంచారంట, వెనకాల రాశారు. ఆ కుర్చీ ఏం చేసుకోను? ఒక్కత్తి వచ్చి గేటు బయట నిలబడితే సరిపోయేదిగా." ఆ వెంటనే, "నిన్ను బయటికి లాగే శక్తి నాకు లేదమ్మాయ్. ఎవరెవర్నో అడిగాను. కానీ నువ్విక్కడున్నావని ఎవర్నీ మర్చిపోనివ్వను," అంది.

ఆ మాట నిలబెట్టుకుంది. వారాంతం శుక్ర శనివారాల నుంచి శని ఆదివారాలకి మారినా, మాస్కులు పోయినా, మా గేటు వంతు తప్పలేదు. కొందరు విసుక్కునేవారని నాకు తెలుసు. సెలవు రోజున ఎండలో రోడ్డు మీద నిలబడ్డం ఎవరికి సరదా? "వచ్చినోళ్లతో ఫోటో దిగడం తేలికే. రానోళ్ల ఇంటికి దారి గుర్తుండాలి," అనేది వాళ్లతో. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం సులువు, ఆ కోపాన్ని నిలబెట్టుకోవడం కష్టం.

కబురు వచ్చిన కొద్ది రోజులకి, కాగితాలన్నీ అయ్యి శవాన్ని ఊరికి పంపుతున్నారని, మధ్యాహ్నం అబూధాబీ మార్చురీ దగ్గర ఆఖరి చూపు అని గ్రూపులో పెట్టారు. మేడమ్ దగ్గరికి వెళ్లాను. విషయం చెప్పాను. ఆవిడ నిజంగానే బాధపడింది, నా భుజం మీద చెయ్యి వేసింది. "మామాని ఎవరు చూస్తారు? బుక్రా వెళ్లు," అంది. రేపు అక్క ఊళ్లో మట్టిలో ఉంటుందని చెప్పడానికి నాకు అరబ్బీ చాలలేదు. తెలుగులో అయినా చెప్పలేకపోయేదాన్నేమో. మామా గదిలోకి వచ్చి దుప్పటి మూలలు మడిచాను. విప్పి మళ్లీ మడిచాను. ఇన్నేళ్లలో ఈ ఇంటిని అంతగా అసహ్యించుకున్నది లేదు.

ఎండ కాస్త వాలుతుండగా ఫోన్ మోగింది. ఐకాడ్ పారిశ్రామికవాడ దగ్గర కార్మికుల క్లినిక్‌లో పనిచేసే మా బ్యాచ్‌మేట్. "మామాని కుర్చీలో కూర్చోబెట్టి గేటు దగ్గరికి తీసుకురా. ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలోనే ఉన్నావుగా. డ్రైవర్ని బతిమాలాం."

చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్లేసరికి అంబులెన్స్ అప్పటికే ఆగి ఉంది. దాని వెనక మా వాళ్ల కార్లు. పఠాన్ డ్రైవరు వెనక తలుపు తీసి, "దో మినట్, బెహెన్," అన్నాడు. లోపల చెక్కపెట్టె. కుర్చీ చక్రాలు గేటు పట్టా దాటవు. నా బ్యాచ్‌మేట్ లోపలికొచ్చి కుర్చీ పట్టుకుంది. "నేను చూసుకుంటాను. నువ్వెళ్లు."

రోడ్డు మీదకి వెళ్లి పెట్టె మీద చెయ్యి పెట్టాను. ఎండకి చెక్క వెచ్చగా ఉంది. వెనక నుంచి మామా నన్ను పిలవడం మొదలుపెట్టింది, ముందు నెమ్మదిగా, తర్వాత పసిపిల్లలా ఏడుస్తూ. ఆవిడ పిలిస్తే ఇన్నేళ్లలో నేను వెళ్లకుండా ఉన్నది లేదు. ఈసారి డ్రైవరు తలుపు మూసేదాకా చెయ్యి తీయలేదు.

బండి వెళ్లిపోయింది, దాని వెనకే కార్లూ వెళ్లాయి. గేటు లోపల, నా బ్యాచ్‌మేట్ పట్టుకున్న కుర్చీలోంచి మామా పిలుస్తూనే ఉంది. నేనింకా రోడ్డు మీదే నిలబడి ఉన్నాను.