మా గేటు బయట ఓవర్సీరు గారు

మా అపార్ట్‌మెంటు ఓవర్సీరు గారు మొన్న మంగళవారం పొద్దున్న ఆసుపత్రిలో పోయారు. ఆ కబురు విని ఏడవడానికి నాకు పావుగంట కూడా దొరకలేదు. ఆయన్ని తెచ్చిన అంబులెన్సు మా గేటు ముందు ఆగేసరికి, మా సెక్రటరీ గారు లోపలినుంచి పెద్ద గేటుకి తాళం వేసేశారు. అద్దెకున్నవాళ్ళు పోతే శవాన్ని లోపలికి తీసుకురాకూడదని మా సంఘం తీర్మానం. ఆయన గురించి నాలుగు మాటలు నెమ్మదిగా రాద్దామనే కూర్చున్నాను. నాకు చేతకావడం లేదు. కోపంతోనే రాస్తున్నాను, మన్నించండి.

ఆయన కాలవల శాఖలో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారు. డెల్టాలో సగం కాలవగట్లు సైకిలు మీద తిరిగిన మనిషి. సొంత ఇల్లంటూ కట్టుకోలేదు. రాజమండ్రిలో మా ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో, కింద రెండు గదుల వాటాలో, భార్యతో అద్దెకి దిగారు. ఆయన వచ్చేనాటికి మా బతుకు ఏంటంటే, గోదారికి కూతవేటు దూరంలో ఉంటూ ట్యాంకరు కోసం బిందెలతో కొట్టుకునేవాళ్ళం. వేసవిలో బోరు ఎండిపోయేది. ఐదో అంతస్తుకి నీరెక్కేదే కాదు. కింద వాళ్ళం మా బిందెలు నిండగానే చప్పుడు చెయ్యకుండా తలుపులేసుకునేవాళ్ళం. మాది మొదటి అంతస్తు.

దిగిన వారానికే, స్కూటర్లు పెట్టుకునే చోట నేలలోంచి పైకి లేచిన ఇనప గొట్టం ఒకటి ఆయన కంటపడింది. మేం దానికి పిల్లల సైకిళ్ళు కట్టేసేవాళ్ళం. ఆయన వంగి, గొట్టంలో గులకరాయి ఒకటి వేసి, చెవి పెట్టి విన్నారు.

"అమ్మాయ్, దీని కింద నుయ్యుంది. బతికే ఉంది," అన్నారు నాతో.

అది ఆ స్థలంలో ఒకప్పుడున్న పెంకుటింటి నుయ్యి. ఆగ్నేయంలో నుయ్యి పనికిరాదని వాస్తు సిద్ధాంతి అన్నాడట. పూడిస్తే పాపం చుట్టుకుంటుందని బిల్డరుకి భయం. అందుకని పైన పలక వేసి కప్పేసి, నూతికి ఊపిరాడాలని ఒక గొట్టం వదిలాడు. ఇటు వాస్తూ దక్కింది, అటు పుణ్యమూ దక్కింది, మాకు ట్యాంకరు దక్కింది.

ఆ పలక పగలగొట్టించడానికి ఆయనకి ఏడాది పట్టింది. ప్రతి గుమ్మమూ ఎక్కి దిగారు. "అద్దెకున్నవారు, మీకెందుకండి ఇదంతా?" అని మొహం మీదే అన్నారు మా వాళ్ళు. ఆయన నవ్వేసి, "ఆయ్, నీళ్ళు నేనూ తాగుతాను కదండీ," అనేవారు. చివరికి ఒక ఎండాకాలంలో ట్యాంకరు వరసగా మూడు రోజులు రాకపోయేసరికి, అందరూ కలిసికట్టుగా వాస్తు మర్చిపోయారు.

నూతిలో పూడిక తీయించారు. డాబా మీద పడ్డ వాననీటిని గొట్టాల్లో దింపి, కంకరా ఇసకా బొగ్గూ పోసిన తొట్టిలో వడకట్టి, నూతిలోకి మళ్ళించారు. గేటు లోపల ఇంకుడు గుంత తవ్వించారు. అందరి వంటింటి చెత్తకీ పెరట్లో ఒకటే గొయ్యి, ఆ ఎరువుతో డాబా మీద అందరికీ కలిపి వంగ, బెండ మొక్కలు, ఆనప పాదులు. కాసిన కూర ముందు ఐదో అంతస్తుకి వెళ్ళాలి. అదేంటండీ అంటే ఒకటే మాట: "శివారు చేనుకి నీరెక్కితేనే కాలవ పారినట్టండి. తూము పక్కనోడికి ఎవడైనా పారిస్తాడు."

రోజూ పొద్దున్నే తాడు వదిలి నూతిలో ఎన్ని మూరల నీళ్ళున్నాయో కొలిచి, మెట్ల పక్క నల్లపలక మీద సుద్దముక్కతో రాసేవారు. ఆ అంకె చూసుకుని దుప్పట్లు ఇవాళ తడపాలా వద్దా అని ఆలోచించడం మాకు అలవాటైంది. పక్కింటివాళ్ళ పేర్లు కూడా ఆ పలక దగ్గరే తెలిశాయి మాకు. ఇది ఆయన పెట్టిన భిక్ష.

నీళ్ళు పారే వాటం అంటే ఆయనకి పిచ్చి. గచ్చు చేసే మేస్త్రీ వెనకాలే చెంబుతో తిరిగేవారు. నీళ్ళు పోసి, ఎటు పారుతున్నాయో చూసి, నచ్చకపోతే మళ్ళీ చేయించేవారు. గేటు బయట గచ్చుకి కూడా లోపలికే వాటం పెట్టించారు. రోడ్డు మీది మురికి మనకెందుకని సెక్రటరీ గారు గొడవపడితే, "గుమ్మం దాకా వచ్చిన నీటిచుక్కని పొమ్మనకూడదండి," అన్నారు.

చేతిరాత బాగుంటుందని సంఘం మినిట్సు పుస్తకం ఆయన చేతే రాయించేవాళ్ళం. రెండేళ్ళ కిందట మూడో అంతస్తులో అద్దెకున్న పెద్దాయన పోతే, సరిగ్గా అప్పుడే నాలుగో అంతస్తులో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్ళు మైల అంటూ రభస చేశారు. ఆ రభసలో పుట్టిన తీర్మానమే ఇది. రాసింది ఓవర్సీరు గారే. రాసి, "ఒక్కసారి చదువుతానండి, వినండి," అన్నారు. ఎవరు విన్నారు గనక? వేడి వేడిగా వంకాయ బజ్జీలు వచ్చాయి, ఆయన మొక్కలకి కాసిన వంకాయలే. నేను నూనె చేత్తోనే సంతకం పెట్టాను.

మంగళవారం పరిగెత్తుకెళ్ళి సెక్రటరీ గారిని నిలదీశాను.

"నాకు మాత్రం బాధ లేదేంటండి? ఓనర్లయితే వేరు. రూలుంది కదండి. మీరూ పెట్టారుగా సంతకం," అంటూ పుస్తకం తెరిచి చూపించారు.

ముత్యాల్లాంటి ఆ అక్షరాల కింద నా సంతకం, దాని పక్కన నూనె మరక. ఛీ, ఏం మనుషులం! తాళం పగలగొట్టాల్సింది. పగలగొట్టలేదు నేను.

గేటు బయట గచ్చు మీద షామియానా వేసి, బల్ల మీద ఆయన్ని పడుకోబెట్టారు. మా వాళ్ళు బాల్కనీల్లోంచి చూస్తూ నిలబడ్డారు. ఐదో అంతస్తు ఆవిడ ఒక్కతే దిగొచ్చి ఆయన భార్య మామ్మగారి పక్కన కూర్చుంది. మామ్మగారు ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. "స్నానానికి మన నూతి నీళ్ళే పొయ్యండమ్మా," అన్నారంతే.

నేనూ ఐదో అంతస్తు ఆవిడా తోడి, చిన్న గేటులోంచి బిందెలు అందించాం. ఆయన తమ్ముడి కొడుకు మొదటి బిందె పోశాడు. నీళ్ళు బల్ల మీంచి గచ్చు మీదకి జారాయి. రోడ్డు వైపు ఒక్క చుక్క పోలేదు. తాళం వేసిన పెద్ద గేటు కిందనుంచి దూరి, పుస్తకం చంకలో పెట్టుకు నిలబడ్డ సెక్రటరీ గారి కాళ్ళ దాకా వచ్చాయి. ఆయన చెప్పులు తడవకుండా పక్కకి తప్పుకున్నారు. నీళ్ళు తిన్నగా ఇంకుడు గుంతలోకి వెళ్ళి, కంకర రాళ్ళ మధ్య మెల్లగా ఇంకిపోయాయి.