మోగని గిటారుకు వచ్చిన మెప్పు

ఆ పెట్టె కబురు మొదట మా ఇంటికి మోసుకొచ్చింది మా గిద్దలూరు మేనత్త. ఆ రోజుల్లో (మరీ తాతల నాటి రోజులేం కావు, అప్పటికే మా వీధిలో అందరి చేతుల్లో ఫోన్లున్నాయి) మార్కాపురంలో మా సంఘానికి ఉన్న సంగీతమంతా ఒక డోలక్కు, ఒక కంజిర, మా చిన్నాయన గిటారు, ఆయన తన చేత్తో బిగించుకున్న చెక్క ఆంప్లిఫయరు. ఆ ఆంప్లిఫయరు ప్రార్థన జరుగుతున్నంతసేపూ గుర్రు పెట్టేది, పాట మొదలయ్యాక ఎవరో గిల్లినట్టు కీచుమనేది. దాన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. వాక్యం చెప్పేటప్పుడు మనుషులు నిద్రపోతే లేని తప్పు, ఆంప్లిఫయరు నిద్రపోతే ఏముంది. అలాంటి రోజుల్లో అత్త బస్సు దిగి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా మొదలుపెట్టింది.

"ఒరే తమ్ముడా, మా చర్చిలోకి కొత్త పెట్టె వచ్చినాదిరా. రెండు ఇటుకలంత కూడా లేదు. దాన్లో నూరు ఆంప్లిఫయర్లు ఉండాయంట. డోలక్కు కూడా దాన్లోనే ఉండాదంట. శ్రుతి కుదిరిందో లేదో అదే లైటు వేసి చూపిస్తది."

"నూరు ఏం జేసుకుంటామక్కా, ఉండేవి రెండు చెవులే కదా" అన్నాడు చిన్నాయన. అన్నాడే గానీ, ఆ పూట అన్నం కలుపుతూ కలుపుతూ అట్లాగే కూర్చుండిపోయాడు. ఏడాది తిరగకముందే గిద్దలూరు సంఘం పిల్లలు ఇంకా పెద్దది కొనుక్కుని, ఆ పాతదాన్ని మేము అడగకుండానే మా సంఘానికి ఇచ్చేశారు. ఆ పిల్లల పేర్లు నాకు తెలియవు. ఈనాటికీ నా ప్రార్థనలో పేర్లు లేకుండానే వాళ్లకు ఒక మాట ఉంటుంది.

చిన్నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. అమ్మ పోయాక, నాయన లారీల మీద తిరుగుతుంటే, మంచాన పడిన జేజిని (నాయన తల్లిని) చూసుకోవడానికి నేను మూడో తరగతితో బడి మానేశాను. అప్పటినుంచి నా బడి, నా పంతులు చిన్నాయనే. అంచు విరిగి పక్కన పడేసిన పలకలు ఫ్యాక్టరీ నుంచి తెచ్చి, వాటి మీద నాకు అక్షరాలు దిద్దించాడు, లెక్కలు చెప్పాడు, కీర్తనలు రాయించాడు. తరువాత ఒక పెద్ద పలక మీద మేకుతో ఆరు గీతలు గీసి, "ఇవి ఆరు తీగెలు పాపా, వేలు యాడ పెట్టాలనో ఇక్కడ చుక్క పెడతా" అన్నాడు. గిటారు చేతికి రాకముందే పలక మీద గిటారు నేర్చుకున్నదాన్ని నేను. చాలారోజుల దాకా తీగెలు సుద్దగీతల్లా చెరిగిపోతాయేమో అని భయంగా ఉండేది.

పెట్టె వచ్చాక చిన్నాయనకు రెండో చదువు మొదలైంది. కాళ్ల దగ్గర నేల మీద ఉంచి, గిటారు వైరు దాన్లో పెట్టి, దాన్నుంచి మైకుసెట్టుకు ఇస్తే చాలు, పెద్ద పెద్ద ఆంప్లిఫయర్ల గొంతులన్నీ అదే పలుకుతుంది. ఒక్కో గొంతుకు ఒక్కో నంబరు. ఆయన అన్నిటినీ విని, ఒక పలక మీద రాసి పెట్టాడు: పన్నెండు, ఆరాధనకు. ముప్పై, పెళ్లికి. నలభై ఒకటి, ముట్టుకోవద్దు. (నలభై ఒకటి ఏమిటో చూద్దామని నేను ఒకసారి నొక్కాను. సందులో మేకలు తాళ్లు తెంపుకున్నాయి.) దాన్లో ఉన్న డోలక్కు మాత్రం మా దగ్గర పనికిరాలేదు. మా సంఘంలో పాట ఎత్తేది ఆడవాళ్ల చాప మీదినుంచి, అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలామె. ఆమెకు ఏ శ్రుతి తోస్తే అదే శ్రుతి, ఎక్కడ దమ్ము తీసుకోవాలనిపిస్తే అక్కడ ఆగడం. డోలక్ మామ ఆమె నోటి వంక చూస్తూ ఆగేవాడు. పెట్టె ఎవరి కోసమూ ఆగదు. ఒక్క ఆదివారం ప్రయత్నించాక పెద్దమ్మ, "ఆ పెట్టెలో ఉండేటోనికి భక్తి లేదు నాయనా, వానికి యాడికో పోయే బస్సుంది" అంది. ఆ మాటతో ఆ డోలక్కు మూతపడింది.

అప్పటికే చిన్నాయన రొమ్ములో పలకల దుమ్ము పేరుకుంది. ముందు పాట పోయింది, తరువాత నడక పోయింది. డాక్టర్లు చెప్పవలసింది చెప్పి పంపించారు. మా ఇల్లు చర్చి వెనకే, సందుకు అవతల. చర్చి గోడకున్న మైకు మా కిటికీ వైపే తిరిగి ఉంటుంది. ఆయన మంచం కిటికీ కిందికి జరిపించుకుని, నాతో అన్నాడు: "వచ్చే ఆదివారం నువ్వు వాయించు పాపా. ఇంట్లో నీ వాయింపు రోజూ వింటాండా. జనంలో నుంచి ఎట్ల వస్తదో ఒక్కసారి వినాల."

ఆయన నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం అదే మొదలు. నాకు పందొమ్మిదేళ్లు. చిన్నప్పటినుంచి ఆయన నాకు నూరిపోసిన సూత్రం ఒకటే: "గిటారు పాట కిందుండాల. నీది నీకే పెద్దగా వినపడిందంటే ఎక్కువ పెట్టినట్టే." ఆ మాటే వల్లించుకుంటూ ఆదివారం పొద్దున వెళ్లి, పెట్టె మీదున్న రెండు మీటలూ కాలితో కలిపి తొక్కి, శ్రుతి చూసుకున్నాను. ఆరు తీగెలకూ పచ్చ లైటు వెలిగింది. స్తోత్రం చెప్పుకున్నాను. పెద్దమ్మ పాట ఎత్తింది. నేను అందుకున్నాను.

ఆ రోజు వాయించినట్టు నేను ఎన్నడూ వాయించలేదు. నా గిటారు నాకు అసలు వినపడలేదు. అంటే సరిగ్గా పాట కిందే ఉందన్నమాట, చిన్నాయన కోరినట్టే. పెట్టె మీద లైట్లు ఎరుపూ పచ్చా చిందులు వేస్తుంటే, దానికి కూడా సంతోషంగా ఉందనుకున్నాను. రెండో చరణంలో మాత్రం భయానికి చేయి కొంచెం ముందుకు పరుగెత్తింది. ఆరాధన అయ్యాక పెద్దమ్మ కర్ర పట్టుకుని నా దగ్గరికే వచ్చి తల మీద చేయి పెట్టింది. "మీ చిన్నాయన కన్నా నువ్వే మేలమ్మా. మా పాటకు ఏం అడ్డం రాలేదు."

ఆమె అట్లా వెళ్లగానే, వైర్లు చుడుతున్న డోలక్ మామ పెట్టె మీదికి వంగి చూశాడు.

"ఏందమ్మా, ఇది ఇంకా శ్రుతిలోనే ఉంది?"

"ఉంటే ఏమైంది మామా?"

"శ్రుతి చూసుకునేటప్పుడు మైకుకు శబ్దం పోనీదమ్మా ఇది. మళ్ల తొక్కి బయటికి రావాల. ఎప్పట్నుంచి ఇట్లుంది?"

"మొదట్నుంచి" అన్నాను.

మామ గడ్డం గోక్కున్నాడు. "సరేలే. పెద్దమ్మ మెచ్చుకునింది కదా, ఆమెతో అనొద్దు" అన్నాడు.

సందు దాటి ఇంటికి వెళ్లాను. చిన్నాయన దిండ్లకు ఆనుకుని, కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాడు. తల దువ్వుకుని ఉన్నాడు, తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, "రెండో చరణంలో తొందరపడినావు" అన్నాడు.

నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వాడు, నవ్వు దగ్గయింది, ఆ దగ్గు తగ్గేదాకా వీపు నిమురుతూ కూర్చున్నాను. ఊపిరి కుదురుకున్నాక అడిగాడు.

"అయితే తొందరపడలేదంటావా?"

"పడినాను చిన్నాయనా."

"మళ్ల?"

నాకూ నవ్వొచ్చింది. గిటారు ఇంటికి తెచ్చి ఇప్పుడే వాయిస్తానంటే వద్దన్నాడు. "ఇంట్లోది కాదు. జనంలో నుంచి రావాల. ఆదివారం యాడికి పోతది, వస్తది కదా" అన్నాడు. ఆదివారం వచ్చింది. ఆయన శుక్రవారం పొద్దున, నేను గంజి చల్లారుస్తుండగా, ఆ కిటికీ కిందే వెళ్లిపోయాడు. నేను పిలిచి, పలకకపోతే నిద్రనుకుని, గంజి మీద మూత పెట్టాను.

మట్టి చేశాక అత్త గిద్దలూరు తిరిగి వెళ్లలేదు, నాకు తోడుగా ఉండిపోయింది. ఆదివారం నేను వాయించనన్నాను. అత్త గిటారు సంచి తెచ్చి నా భుజానికి తగిలించి, తను వెళ్లి కిటికీ కింద ఆ మంచం మీద కూర్చుంది. ఆ రోజు మీటలు తొక్కి, శ్రుతి చూసుకుని, మళ్లీ తొక్కి బయటికి వచ్చానో లేదో మూడుసార్లు చూసుకున్నాను. పెద్దమ్మ పాట ఎత్తింది. గోడ మీది మైకులోంచి నా గిటారు సందులోకి వెళ్లి, మా ఇంటి గోడకు తగిలి వెనక్కి రావడం నాకు వినపడింది. ఎక్కువ పెట్టానేమో. ఆ రోజుకు తగ్గించలేదు.

ఇంటికి వస్తే అత్త మంచం మీదనుంచి లేవకుండానే అంది: "రెండో చరణంలో తొందరపడినావు."

మా అత్తకు సంగీతమంటే పెళ్లి బాజాకూ సోడాబండి గంటకూ తేడా తెలిసినంత మాత్రమే.

"నీకెట్ల తెలుసత్తా?"

"నాకేం తెలుసమ్మా. వాడే చెప్పినాడు ఫోన్లో, బుధవారం. ఆదివారం పాప వాయిస్తది, నేను లేకుంటే నువ్వు కూసోని విని ఈ మాట చెప్పు, అన్నాడు. తొందరపడినావా ఏంది?"

పడ్డాను. ఇప్పటికీ పడతాను. ఇన్నేళ్లుగా అదే పెట్టె, అదే పన్నెండో నంబరు. ప్రతి ఆదివారం జనం రాకముందు వెళ్లి, పెట్టెను శ్రుతిలోనే ఉంచి, ఒక పాట మొత్తం చిన్నాయన కోసం మోగకుండా వాయిస్తాను. పక్కనుంచి ఎవరైనా చూస్తే, తీగెలు చెరిగిపోతాయని భయపడిన ఆ పిచ్చిపిల్ల ఇంకా మారలేదనుకుంటారు. అనుకోనివ్వండి, నాకూ అట్లాగే అనిపించి నవ్వొస్తుంది. ఆ పాట అయ్యాకే మీట తొక్కి అందరికోసం వాయించడానికి బయటికి వస్తాను. అంతటి గురువును ఇంట్లోనే ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం.

చదువుతున్న మీకు ఒక్క మనవి. మా ఊరి పలకలు ఎక్కడెక్కడికో వెళ్లాయి. మీ ఇంట్లో అటక మీదో, చిన్నప్పటి పెట్టె అడుగునో ఒక నల్ల పలక ఉండే ఉంటుంది. అది కంటపడినప్పుడు దాని అంచు ఒకసారి వేలితో తడమండి. ఆ రాయి కోసింది మా చిన్నాయనే కావచ్చు. ఆయన్ను తలుచుకోండి.