ఆగని ఫోన్‌ను ఆపిన అమ్మమ్మ

భూమ్మీద మోగే ఫోన్లన్నీ మా అమ్మమ్మ గొంతు వింటే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాయి. ఇందులో రవ్వంత కూడా అతిశయం లేదు. కావాలంటే సెలూన్ ఆయన్ని అడగండి.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పయ్యొక్క ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాక, అమ్మమ్మ రక్తదాతల సంఘంలో చేరింది. జీతం లేదు, ఇచ్చిన కుర్చీకి ఒక చెయ్యి కూడా లేదు. సంఘం ఫేస్‌బుక్ పేజీ ఆవిడకే అప్పగించారు. ఫోన్ తెరని తలుపు తట్టినట్టు చూపుడువేలితో కొట్టే మనిషికి అప్పగించారంటే, మిగతావాళ్ళకి ఆ మాత్రం కూడా రాదన్నమాట.

ఒక మధ్యాహ్నం సెలూన్ ఆయన ఆఫీసుకి వచ్చాడు. రెండేళ్ళ కిందట ఆయన కూతురి ఆపరేషన్‌కి రక్తం దొరికింది ఈ సంఘం వల్లే. ఆ మొహమాటంతోనే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదట. పాపకి ఎప్పుడో నయమై బడికి పోతోంది. రక్తం ఇస్తామనే ఫోన్లు మాత్రం రోజుకి పదిహేనూ ఇరవై వస్తూనే ఉన్నాయి. సరిగ్గా గడ్డం కింద కత్తి పెట్టినప్పుడే ఫోన్ మోగుతుంది. మొన్న ఉలిక్కిపడి ఒకాయన చెంప కోశాడు. ఎప్పుడూ వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే పక్క వీధికి జారుకుంటున్నారు. నంబరు మార్చేద్దామంటే దుకాణం బోర్డు మీద ఉన్నదీ అదే, మిగిలిన ఆ కాస్త బేరమూ దాంతోనే.

అమ్మమ్మ పేజీలో పాత పోస్టులు వెతికింది. పాప ఫొటో, తండ్రి నంబరు, "ఈరోజే రక్తం కావాలి" అన్న మాట ఉన్నాయి. తేదీ లేదు. రాసింది ఎవరో కాదు, తనే. చేరిన మొదటి వారంలో రాసింది. చదివిన ప్రతివాడికీ ఆ "ఈరోజు" తను చదివిన రోజే అయి కూర్చుంది.

తీసేస్తానంటే ప్రెసిడెంటు గారు అడ్డుపడ్డారు. నలభై వేలమంది పంచుకున్న పోస్టు అది, సంఘానికి పేరు తెచ్చిందే అది. వార్షిక సమావేశంలో తెర మీద వేసి చూపిద్దామని ఆయన ముచ్చట పడుతున్నారు.

"మన పేరు కోసం ఆయన బేరం పోవాలా?" అంది అమ్మమ్మ.

ఆ మాట అంటూనే తెర మీద ఒక్కటి కొట్టి తీసేసింది. పాపకి నయమైంది, ఫోన్ చెయ్యకండి, తేదీ వెయ్యకపోవడం నా తప్పు అని సొంత పేరుతో కొత్త పోస్టు పెట్టింది. ఈసారి ఫొటో పెట్టలేదు. ప్రెసిడెంటు గారు రెండు రోజులు అలిగి కూర్చున్నారు. అది గమనించే తీరిక ఆవిడకి లేదు.

పేజీలో పోస్టు పోయినా జనం ఫోన్లలో దాని నకళ్ళు తిరుగుతున్నాయి మరి. మర్నాటి నుంచి అమ్మమ్మ సెలూన్‌లోనే మకాం. ఫోన్ మోగితే తనే ఎత్తేది. రక్తం ఇస్తానన్నందుకు ముందు దండం చెప్పి, తర్వాత ఇది మీకెవరు పంపారని అడిగేది. ఆ పంపినవాళ్ళకి చేసి, వాళ్ళకెవరు పంపారని అడిగేది. వెనకటికి ట్రంకు కాల్ తెగిపోతే ఏ ఊరి దగ్గర తెగిందో ఒక్కో ఎక్స్‌ఛేంజినీ అడుగుతూ పోయేవారట. అదే విద్య. కాలనీ గ్రూపు, కాలేజీ గ్రూపు, బస్సు డ్రైవర్ల గ్రూపు, అన్నింట్లోనూ సవరణ పెట్టించింది. ఒక గ్రూపు పెద్దమనిషి తర్వాత చూద్దాంలెండి అన్నాడు.

"లైన్లోనే ఉంటాను, పెట్టి రండి."

పద్దెనిమిది నిమిషాలు ఉంది. మధ్యలో ఎవరైనా క్షవరానికి ఫోన్ చేస్తే, మీ వంతు నాలుగున్నరకి, ఆలస్యం కూడదని చెప్పి పెట్టేసేది. తన దుకాణానికి జనం వేళకి రావడం అప్పుడే మొదలైందని సెలూన్ ఆయన ఇప్పటికీ అంటాడు.

పన్నెండు రోజులు, రెండొందల పైచిలుకు ఫోన్లు. పదమూడో రోజు ఉదయం ఆయన వరసగా ముగ్గురికి గడ్డం గీశాడు. ఫోన్ కిక్కురుమనలేదు. నాలుగో మనిషి కుర్చీలో హాయిగా గుర్రుపెట్టాడు. అది చూసి సెలూన్ ఆయన కళ్ళు తుడుచుకుని, సబ్బు పడిందన్నాడు.

వార్షిక సమావేశంలో ప్రెసిడెంటు గారు తెర మీద వేసింది అమ్మమ్మ తప్పొప్పుకోలునే. ఆరోజే సంఘానికి నియమాలు పుట్టి, ఆఫీసు గోడకెక్కాయి. ప్రతి పోస్టుకీ తేదీ, వేళ ఉండాలి. ఆఫీసు నంబరే తప్ప రోగి ఇంటివాళ్ళది వెయ్యకూడదు. అడగకుండా ఎవరి ఫొటోనూ పెట్టకూడదు. రక్తం దొరికిన గంటలోపు అవసరం తీరిందని రాయాలి. ఇప్పుడు వేరే సంఘాలవాళ్ళు వచ్చి ఆ గోడ ముందు నిలబడి రాసుకుపోతున్నారు. మా ఇంట్లోవాళ్ళం లేని పని కల్పించుకుని మరీ అటు వెళ్ళి చూసొస్తుంటాం.

ఇదంతా చదివి వినిపిస్తే అమ్మమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"రెండొందల ఫోన్లు చేశానని ఊదరగొట్టావు. తేదీ ఒక్కటి వేసుంటే అందులో ఒక్కటీ చెయ్యక్కర్లేదు. ముందు అది రాయి, వెధవా."