ఆయన నన్నొక్కణ్ణే అడగలేదు

మా దీవుల్లోని జంగ్లీఘాట్‌ రేవులో గురువులు మావయ్య పేరు ఎందుకు పోయిందో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన బతికుండగా చెప్పలేదు.

ఆయన నిద్రలోనే పోయారన్న వార్త బాంబూఫ్లాట్ ఫెర్రీలో ఉండగా తెలిసింది. వర్క్‌షాపులో పని ముగించుకుని ఇంటికి వస్తున్నాను. పక్కనున్నాయన ఫోనులో చూసి "మీ మావే కదా?" అన్నాడు. కాదన్నాను. ఎందుకు కాదన్నానో ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఫెర్రీ ఆగాక అందరికన్నా చివర దిగాను.

ఆయన్ని ఎరగని వాళ్ల కోసం కొంత చెప్పాలి. గురువులు మావయ్య వయసులో ఉండగా చేపల వేటకు వెళ్లారు. తరవాత చేపలు దిగే రేవు పక్కన వలలూ తాళ్లూ అమ్మే చిన్న కొట్టు పెట్టుకున్నారు. వలలు కొనేవారి కన్నా సలహా కోసం వచ్చేవారే ఎక్కువ. ఇంజన్ కొనాలా, ఆపరేషన్‌కి చెన్నై వెళ్లాలా, పిల్లను ఫలానా ఇంటికి ఇవ్వాలా, ఏదైనా సరే అక్కడే తేలాలి. ఆయన సలహా చెప్పడం అరుదు. వచ్చినవాణ్ణి మూడు మాటలు అడిగేవారు: "సూసినావా? ఇన్నావా? అనుకున్నావా?"

ఒకసారి ఒకతను పాత ఇంజన్ కొనడానికి డబ్బు పట్టుకుని వచ్చాడు.

"ఏక్‌దమ్ బడియా ఇంజన్ మావా, శానా మంచిది."

"సూసినావా?"

"లేదు, మా బావమరిది సెప్పాడు."

"ఇన్నావన్నమాట. ఆ ఇంజన్ ఎవుడిది?"

అతను కాసేపు తల గోక్కున్నాడు. "ఆడిదే."

కొట్టు కొట్టంతా నవ్వింది. అతనూ నవ్వి, డబ్బు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో ఈ పద్ధతి అంతగా సాగేది కాదు. కూరలో ఉప్పు వేశావా అని అడిగితే అప్పయ్యమ్మ అత్త "ఏశాననుకున్నాను" అంది. "అనుకుంటే సరా?" అన్నారు మావయ్య. "తిని సూడు. నోరు లేదేటి నీకు?" అని గరిటె ఆయన ముందు పెట్టింది. అత్త బాధలోనూ న్యాయముంది. బ్రూక్షాబాద్‌లో స్థలాలు చవగ్గా ఉన్నప్పుడు మావయ్య ఒకటి చూసి, హద్దులు అడిగి, నీళ్లు అడిగి, పాత యజమానిని వెతికించారు. ఈలోగా ఎవరో కొనేశారు. "ఈయన అడిగేసరికి బ్రూక్షాబాదంతా అమ్ముడైపోయింది" అని అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆయన లోపాన్ని దాచి రాస్తే ఆయనే ఒప్పుకోరు.

నేను కుర్రతనం నుంచీ ఆ కొట్లో కూర్చుని ఆ ప్రశ్నలు విన్నవాణ్ణి. ఇతరులను అడగడం కూడా నేర్చుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి. తాతారావు అనే మా వాడు ఒంటరిగా డోంగీ, అంటే చిన్న ఇంజన్ పడవ, వేసుకుని వేటకు వెళ్లి, రావలసిన వేళకు రాలేదు. రేవంతా కొట్టు ముందు పోగైంది. బోట్లు సిద్ధంగా ఉన్నాయి. ఎటు వెతకాలో తెలియాలి.

"తాతారావు ఎటెల్లాడు?" అని మావయ్య అడిగారు.

"సౌత్‌కే మావా. చిడియాటాపు ఏపు తిరగడం నేను సూసినాను" అన్నాను.

నేను చూడలేదు. బయల్దేరే ముందు తాతారావే "సౌత్‌కి పోతన్నా భయ్యా" అన్నాడు, అంతే. తరవాత నేను టీకి వెళ్లాను. మరి చూశానని ఎందుకన్నాను? గొప్ప కోసమా, అందరి కంగారూ చూడలేకా? రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తున్నాను. ఇంకా విచిత్రం, ఆ నీలం డోంగీ దక్షిణానికి తిరగడం ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది. జరగనిది ఎలా కడుతుందో తెలియదు.

వేటకు వెళ్లేవాడు తన చేపల చోటు రేవులో నిజం చెప్పడని మాలో అందరికీ తెలుసు. చెబితే మర్నాడు పది పడవలు వెనకాల వస్తాయి. నేను "విన్నాను" అనుంటే మావయ్య సగం బోట్లను ఉత్తరానికి పంపేవారు. చూశానన్నాను గనక అన్నీ దక్షిణానికే వెళ్లాయి. "ఎక్కణ్ణుంచి సూసినావు?" అని అడిగినా చాలు, నా బండారం బయటపడేది. పడవలు దక్షిణానికో ఉత్తరానికో తిరిగే హార్బర్ ముఖం మా రేవు నుంచి కనబడనే కనబడదు. ఆయన అడగలేదు. నన్ను అడగవలసిన అవసరం ఉందనుకోలేదు.

తాతారావు ఉత్తరాన, ఇంజన్ చెడి, కొట్టుకుపోతున్నాడు. మర్నాడు హేవ్‌లాక్ దీవి నుంచి వస్తున్న ఓడ వాళ్లు చూసి ఎక్కించుకున్నారు. బతికాడు గానీ, మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేకపోయాడు.

"సౌతని ఎవుడు సెప్పాడు?" అని రేవులో కేకలు వేశారు. చూశానని నేనన్న మాట ముందురోజు తొక్కిసలాటలో పక్కనున్న ఇద్దరు ముగ్గురికి తప్ప వినబడలేదు. వాళ్లూ నోరు మెదపలేదు. మావయ్య తలెత్తారు. నా వైపు చూశారో, నా వెనక లంగరు వేసిన ఓడను చూశారో చెప్పలేను. "పంపింది నేను. అడగాల్సినోణ్ణి అడగలేదు" అన్నారు.

ఆ తరవాత జనం కొట్టుకు వలల కోసమే వచ్చారు. దారిన పోయే కుర్రాళ్లు "ఏం మావా, ఈరోజు సౌత్ ఎటేపు?" అని ఎగతాళి చేసేవారు. ఆయన నవ్వి, నిజంగానే దక్షిణం వైపు చెయ్యి చూపేవారు. ఒక మధ్యాహ్నం తాడు చుడుతూ నాతో అన్నారు: "తెలీనోణ్ణి ఎలాగూ అడుగుతాం. నమ్మినోణ్ణే ముందడగాలి." నన్ను ఉద్దేశించి అన్నారా? తనను తానే తిట్టుకున్నారా? అప్పుడైనా నోరు విప్పాల్సింది. టీ తెప్పించారు, తాగాను.

వలలు అమ్మే కొట్లు ఇంకా ఉన్నాయి. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చకుండా అతని తొందరను ఒక్క ప్రశ్నతో ఆపగల మనిషి మాత్రం ఈ దీవుల్లో మాకు మరొకరు లేరు. ఆయన్ను పోగొట్టుకున్నది మొన్న కాదు. కొట్టు ముందు జనం తగ్గిపోయిన రోజునే పోగొట్టుకున్నాం. అందుకు కారణం నేను.

పెద్దకర్మ నాడు భోజనాలకు ముందు లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. తాతారావే ముందు లేచాడు.

"అరె, సౌత్ అని అబద్ధం ఆడింది నేను కదా భయ్యా. సగం తప్పు నాది."

"నీ అబద్ధం రేవులో అందరూ ఆడేదే తాతారావూ. నాది ఆయన దగ్గర ఆడింది" అన్నాను.

అత్త నన్నే చూస్తోంది. "ఆయనకి తెల్సేటిరా?"

"తెలీదత్తా. ఒకరోజు తెలుసనిపిస్తది, ఒకరోజు తెలీదనిపిస్తది."

"మరి నన్నేటి సెయ్యమంటావు?"

వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"అత్తా, ఆ రోజు మావ తప్పు సెయ్యలేదు. నేను సేసినాను. ఆయన పేరు పోతా ఉంటే ఆయన పక్కనే కూకుని టీ తాగినాను. నన్ను సెమించు."