ఎకో లేని మైకు

థైరాయిడ్ ఆపరేషన్‌కి ముందే డాక్టరు గారు చెప్పారు, గొంతు మారొచ్చమ్మా, పాట సంగతి తర్వాత చూద్దాం అని. ఆరు నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను. చర్చిలో ఇరవై ఏళ్లుగా పాట ఎత్తేదాన్ని, బళ్లో ఒక్క కేకతో క్లాసంతా నిశ్శబ్దం చేసేదాన్ని, నాకు ఆ ఆరు నెలలూ జైలే. ఏడో నెలలో మళ్లీ ఎత్తాను. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి, ఆయ్, ఇదివరకటి కంటే బాగుందండి అన్నారు. గొంతు తిరిగొచ్చిందని ఇంటికొచ్చి మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత రెండేళ్లు ఒక్క ఆదివారం మానలేదు.

అందుకే, ఈసారి క్రిస్మస్‌కి మన పాటలు రికార్డు చేసి యూట్యూబులో పెడదామని పాస్టరు గారు అనగానే మొదటి పాట నాదే అన్నాను. స్టూడియోలూ గీడియోలూ అక్కర్లేదు, మంచి మైకు కొనుక్కుని ఇంట్లోనే పాడతానన్నాను. ఆయన ఒక్క క్షణం మా ఆయన వైపు చూశారు. చర్చిలో మిక్సరు ముందు కూర్చుని సౌండు చూసేది మా ఆయనే. మైకు మాట వస్తే ఆయన వైపు కాక ఎవరి వైపు చూస్తారులే అనుకున్నాను.

అమలాపురంలో షాపతను ఓపిగ్గా చెప్పాడు. గొంతు ఉన్నది ఉన్నట్టు రావాలంటే కండెన్సర్ మైకే తీసుకోమన్నాడు. అందులో లావు కేబులుది అయితే దానికి కరెంటు ఇచ్చే పెట్టె వేరే కొనాలి, ఆ పెట్టె ఖరీదే మైకుని మించిపోతుంది. యూఎస్‌బీది అయితే తిన్నగా లాప్‌టాప్‌కి గుచ్చుకోవచ్చు, తక్కువలో అయిపోతుంది. కాకపోతే అది గదిలో చిన్న చప్పుడు కూడా వదలదు, కిటికీలు మూసుకోవాలన్నాడు.

షాపుల్లో నోరు విప్పని మా ఆయన అప్పుడు విప్పారు. పక్కనున్న కరోకే మైకు చేతిలోకి తీసుకుని, దీనికి ఎకో ఉంది, పాట నిండుగా వస్తుంది, ఇది చాలు అన్నారు. నాకు ఒళ్లు మండింది. అది పుట్టినరోజు పార్టీల్లో పిల్లలు అరుచుకునే మైకు! మన వెనకాల రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల మోత ఉంది కదా, కండెన్సర్‌లో అదంతా పడుతుంది అని మళ్లీ అన్నారు. నా దగ్గరకొచ్చేసరికి మీకు పొదుపు గుర్తొస్తుందేం అని షాపతని ముందే కడిగేశాను. ఆయన ఆ కరోకే మైకు తిరిగి అరలో పెట్టేశారు. దారంతా ఆ యూఎస్‌బీ మైకు డబ్బా ఒళ్లో పెట్టుకుని గొప్పగా కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఫ్యాను ఆపి, కిటికీలకి దుప్పట్లు కట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో వాయిద్యాల ట్రాకు వింటూ పాడాను. చెమటతో తడిసిపోయానుగానీ చాలా బాగా పాడాననుకున్నాను. తర్వాత ట్రాకు లేకుండా ఒట్టి గొంతు పెట్టుకుని విన్నాను.

ఎవరిదో గొంతు. పల్లవిలోనే ఊపిరి బుసబుసా వస్తోంది. పై స్థాయికి వెళ్లేసరికి పాట పాతగుడ్డ చిరిగినట్టు చిరిగిపోయింది. ఛీ, షాపతను పాడు మైకు అంటగట్టాడు, రేపే వెళ్లి మొహాన కొడతాననుకున్నాను. ఇంతలో పల్లవి అయింది. ట్రాకులో వీణ వాయించే చోట నా గొంతు ఆగింది, అక్కడ రికార్డులో నిశ్శబ్దం ఉండాలి. కానీ వరండాలోంచి మా ఆయన గొంతు, ఫోన్లో పాస్టరు గారితో, మెల్లగా, ఒక్క అక్షరం పోకుండా వినిపించింది.

"లేదండి అయ్యగారూ, తనకి తెలీదండి. చర్చిలో అంటే ఎకో పెంచి నెట్టుకొస్తన్నానండి. ఇంట్లో ఎలా దాచనండి?"

మళ్లీ విన్నాను. మూడోసారి విన్నాను. మైకు పాడైంది కాదు.

ఆయన్ని పిలిచి వినిపించాను. బుకాయిస్తారనుకున్నాను, బుకాయించలేదు. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, మొదటి ఆదివారం నుంచీ అన్నారు.

"అందరికీ తెలుసా?"

"ఆయ్," అన్నారు తల వంచుకుని.

మా వాళ్ల మర్యాద తగలెయ్య! బాగోలేదు అనే మాట మా వైపు ఎవరికీ నోట్లోంచి రాదు. నేను మాత్రం తక్కువా? ఉప్పు లేని కూర పెట్టిన వాళ్లకి కూడా అమృతంలా ఉందండీ అని చెప్పొచ్చేదాన్నే. కానీ ఇది నా గొంతు. నన్ను ఇలా మోసం చేస్తారా అని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున్న చర్చిలో మాత్రం ఒక్క మాటే అన్నాను, ఇవాళ ఎకో పూర్తిగా తీసెయ్యండి అని. ఆయన నా మొహంలోకి చూసి, తీసేశారు.

పాట ఎత్తాను. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణంలో పై స్థాయికి వెళ్లే మాట దగ్గర గొంతు తెగింది. నేను ఊపిరి తీసుకునే లోపే, వెనక బెంచీల్లోంచి ఆడవాళ్లూ మగవాళ్లూ అంతా ఒక్కసారిగా, పూర్తి గొంతుతో ఆ మాట అందుకున్నారు. ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు. ఎవరూ తల కూడా తిప్పలేదు. అంటే కిందటి ఆదివారం, అంతకు ముందు ఆదివారం, రెండేళ్లుగా ప్రతి ఆదివారం వాళ్లు అక్కడే అందుకుంటున్నారు. నా ఎకో హోరులో నాకే వినపడలేదు. మైకు పట్టుకుని, నోరు తెరుచుకుని, వాళ్లు నా పాట పాడడం అలా వింటూ నిలబడిపోయాను.